సీదా చేసిన బండి

అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. విన్సెంటుకు మాత్రం అదే అన్నం పెట్టింది. బ్రేకు పట్టడం లేదని ఎవరైనా బండి తెస్తే అతను ముందు టైర్లు చూస్తాడు. టైర్లు అరిగాయంటే బండి బరువు మోసే కమాన్లు చూస్తాడు. మనిషి చెప్పింది నమ్మడు, ఇనుము చెప్పింది నమ్ముతాడు. పక్క షెడ్డులో వెల్డింగ్ చేసే పోశయ్య, "నువ్వు చాయ్ తాగేముందు గూడ గ్లాసు అడుగు చూస్తవ్‌రా" అని ఎగతాళి చేస్తుంటాడు. వరంగల్‌లో ములుగు రోడ్డు పక్కనున్న ఆ రెండు రేకుల షెడ్లకూ మధ్యలో గోడ లేదు. ఒకరి సుత్తి చప్పుడు ఇంకొకరికి, ఒకరి చాయ్ ఇంకొకరికి.

ఆ రోజు ముసురు పట్టింది. పొద్దున మొదలైన వాన పెరగదు, తగ్గదు. మధ్యాహ్నం భోజనాల వేళకే షెడ్డులో లైటు వేసుకోవాల్సి వచ్చింది. అప్పుడొచ్చాడు సందీప్, కొత్తగా కొన్న పాత మినీ ట్రక్కు వేసుకొని.

సందీప్ విన్సెంటు చెల్లెలి మొగుడు. మడికొండలో ఐటీ పార్కు చుట్టూ ఉన్న హాస్టళ్లకు మంచినీళ్ల డబ్బాలు వేస్తాడు. బండిని ములుగు అవతల అడవి ఊళ్లో కొమురెల్లి అనే మనిషి దగ్గర కొన్నాడు. అక్కడి వాగులూ రాళ్లూ దాటడానికి కమాన్ల కింద ఇనప దిమ్మెలు పెట్టించి, పెద్ద టైర్లు తొడిగి, దాన్ని బాగా ఎత్తు చేయించారు. మామూలు మినీ ట్రక్కుల మధ్య నిలబెడితే అది కోడిపిల్లల్లో కొంగలా ఉంటుంది.

విన్సెంటు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నీళ్ల డబ్బా ఎక్కియ్యాల్నంటే నిచ్చెన గూడ కొన్నవా?" అన్నాడు.

"నవ్వకు బావా. స్టీరింగ్ ఒక్కటే గట్టిగున్నది. తిప్పుడంటే భుజాలు పోతానయ్. జర చూడు. పొద్దుమూకేవరకు నర్సంపేటల ఉండాలె నేను."

నర్సంపేటలో విన్సెంటు తల్లి లిదియమ్మ ఇంట్లో చెల్లెలు ఏంజెల్ బాలింతగా ఉంది. తొలి కాన్పు, ఆడపిల్ల. ఆదివారం వరంగల్ గుడిలో పాపకు జ్ఞానస్నానం. తల్లీబిడ్డా ఆ సాయంత్రం అత్తింటికి బయలుదేరాలని ముందే అనుకున్నారు. ఊయల, బియ్యం బస్తాలు, బట్టల మూటలు, అన్నీ ఈ బండిలోనే రావాలి. అందుకే విన్సెంటు చేతిలో ఉన్న పని పక్కన పడేశాడు. పాపను అతను ఒక్కసారే చూశాడు. గ్రీసు వాసన పోని అతని వేలును పట్టుకొని ఆ పిల్ల ఎంతకూ వదల్లేదు. ఆ పట్టు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి నవ్వొస్తుంది.

ముందు చక్రాల దగ్గర వంగి చూసిన విన్సెంటుకు నవ్వు ఆగిపోయింది. ఎడమ టైరు ముక్కు బొటనవేలు మందాన లోపలికి తిరిగి ఉంది. అంత వంకరతో తిరిగే బండికి టైరు నెలలోపే ఒక పక్కకు కోసుకుపోవాలి. ఇక్కడ రెండు టైర్లూ సమంగా, నున్నగా అరిగి ఉన్నాయి. వంకర చక్రాలతో సీదాగా నడిచిన బండిని అతను ఇంతవరకు చూడలేదు.

"టైర్లు మార్చి అమ్మిండా?"

"లేదు బావా. పాతయే."

"వాడు చెప్పిండు, నువ్వు విన్నవ్."

సందీప్ ఏదో చెప్పబోయి ఆగాడు. "పాపకు దోమతెర కొనుక్కొస్త" అని గొడుగు తీసుకొని వెళ్లిపోయాడు. అతను చూపు తప్పించిన సంగతి విన్సెంటు గమనించాడు. ఎక్కడో గుద్దిన బండినే అంటగట్టి ఉంటారనీ, తనకు తెలిస్తే పరువు పోతుందని వీడు దాస్తున్నాడనీ అనుకున్నాడు.

ఎత్తు బండి కావడంతో కిందికి దూరడం తేలికే అయింది. టార్చి వేసి చూస్తే, రెండు ముందు చక్రాలనూ కలిపి పట్టే కడ్డీ, టై రాడ్ అంటారు దాన్ని, తుప్పులో మునిగి ఉంది. మామూలు తుప్పు కాదు. చాలాకాలం నీళ్లలో నానిన ఇనుముకు పొరలు పొరలుగా లేచే తుప్పు. దాని చివర బిగించే నట్టు మీద మూడు వైపులా వెల్డింగ్ చుక్కలు ఉన్నాయి. వాగు బురద వాసన వచ్చింది. పాచి వాసన.

పోశయ్యను పిలిచాడు. పోశయ్య మోకాళ్లు పట్టుకొని వంగి, చుక్కల మీద గోరుతో గీకి చూశాడు.

"విన్సెంటూ, గిది ఖరాబైన పని కాదురా. చేసిన పని. మంచి చెయ్యి ఉన్నోడే కొట్టిండు. వంకర పెట్టి, మల్ల ఎవ్వలు తిప్పకుండ తాళమేసినట్టు కొట్టిండు."

"ఎందుకు కొడ్తడే?"

"ఎందుకో అడిగినంకనే ముట్టు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు, పోశన్నా? ఓనరే గుమ్మునున్నడు."

అలా అన్నాడే కానీ అనుమానం ఊరుకోనిస్తుందా? బండిలో ఉన్న అమ్మకం రసీదు మీద కొమురెల్లి నంబరుంటే ఫోన్ కలిపాడు. కవరేజీ లేదని వచ్చింది. ఇంకోసారి చేశాడు. అదే మాట. అడవిలో ఊరు మరి. బయట చూస్తే వెలుతురు తగ్గుతోంది. అమ్మ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసి, బయలుదేరారా అని అడిగింది. వంకర చక్రాలున్న బండిలో తన చెల్లెలూ, నెలల పిల్లా ఎక్కుతారు. దాన్ని సరిచేయకుండా పంపడం ఎలా? మంచి మేస్త్రీ ఎవడైనా అదే చేస్తాడు. విన్సెంటూ అదే చేశాడు.

చుక్కలు కోశాడు. కిరోసిన్ పోసి నానబెట్టాడు, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాడు. కదల్లేదు. పోశయ్య గ్యాస్ మంట పెట్టి నట్టును ఎర్రగా కాల్చాడు. పానాకు పైపు తొడిగి ఇద్దరూ బరువేసి గుంజారు. కిర్రుమని ఒక్కసారిగా వదిలింది.

కడ్డీ లోపలి నుంచి నీళ్లు కారాయి. నల్లటి బురద నీళ్లు. విన్సెంటు చెయ్యి వెనక్కి లాక్కునేలోపే మణికట్టు మీద పడ్డాయి. కాలుతాయనుకున్నాడు. అవి చల్లగా ఉన్నాయి... బావిలోంచి అప్పుడే తోడినంత చల్లగా.

పోశయ్య మంట ఆర్పేశాడు. "నాకు నచ్చుతలేదురా" అని ఒక్క మాట అని, చాయ్ తెస్తానని వానలోకి వెళ్లాడు. చాయ్ కొట్టు కూతవేటు దూరంలోనే ఉంది. అతను చాలాసేపటి దాకా రాలేదు.

విన్సెంటు ఒక్కడే అలైన్‌మెంట్ మొదలుపెట్టాడు. పెద్ద రోడ్డు మీద కంప్యూటర్‌తో చక్రాలు సరిచేసే షాపులున్నాయి, కానీ ఇంత ఎత్తు బండిని వాళ్లు ఎక్కించుకోరు. అతనిది పాత పద్ధతి. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బండి పక్కన నైలాన్ దారం బిగించి కట్టి, దారానికీ టైరుకూ మధ్య ఎడం కొలిచి సరిచేయడం. దారం అబద్ధం చెప్పదని అతని నమ్మకం.

దారం బిగించాడు. మీటితే వీణ తీగలా పలికింది. టై రాడ్ తిప్పుతూ, వచ్చి కొలుస్తూ, మళ్లీ తిప్పుతూ ఉన్నాడు. ఎడమ టైరు దారికొస్తోంది. ఇంకొంచెం... ఇంకొంచెం...

వంగి చూసేసరికి దారం వంగి ఉంది.

గాలి లేదు. దారం వదులు కాలేదు. డ్రైవర్ తలుపుకు ఎదురుగా ఒక్కచోట మాత్రమే, ఎవరో వేలితో లోపలికి నొక్కి పట్టుకున్నట్టు వంగి ఉంది. విన్సెంటు ఊపిరి బిగబట్టి చూశాడు. వేలు తీసినట్టు దారం టంగుమని వెనక్కి వచ్చింది. దాని మీదున్న వాన తుంపరలు నేల రాలాయి.

ముడి జారిందేమో అనుకున్నాడు. ముడి చూశాడు. ముడి బాగానే ఉంది.

నట్టు బిగించడానికి మళ్లీ కిందికి దూరాడు. వెల్లకిలా పడుకొని పానా తిప్పుతుంటే, తల మీద క్యాబిన్‌లో చిన్న చప్పుడు. టక్... టక్... టక్... ఎవరి కోసమో ఆగి విసిగిన డ్రైవరు స్టీరింగ్ మీద వేళ్లతో కొట్టే చప్పుడు.

"పోశన్నా?"

చప్పుడు ఆగింది.

తల పక్కకు తిప్పాడు. డ్రైవర్ తలుపు పక్కన రెండు పాదాలు. ఉత్త పాదాలు. తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, బట్టలుతికిన చేతుల్లాగ. వాటి చుట్టూ నీళ్ల మడుగు. ఒక పాదం లేచింది. రెండోది కూడా లేచింది. తలుపు చప్పుడు కాలేదు. కానీ కమాన్లు మూలిగాయి... బండి ఒక మనిషి బరువుకు అతని ముఖం మీదికి కుంగింది.

విన్సెంటు ఎలా బయటపడ్డాడో అతనికే తెలియదు. మోచెయ్యి చీరుకుపోయింది. చేతిలో పానా గట్టిగా పట్టుకొని క్యాబిన్‌లోకి చూశాడు. ఎవరూ లేరు. డ్రైవర్ సీటు మాత్రం తడిసి ముద్దయి ఉంది.

అయినా అనుమానించడం నేర్చిన బుర్ర వెంటనే పనిలోకి దిగింది. పైకప్పు కారుతోంది. ఎవరో తాగుబోతు ఎక్కి దిగిపోయి ఉంటాడు. లేదా కొమురెల్లి మనిషి ఎవడైనా బండిలో దాచింది తీసుకుపోవడానికి వచ్చాడేమో! మనుషుల మీద ఎన్ని అనుమానాలైనా పడతాయి అతనికి. మనిషి కానిదాని మీద అనుమానపడటం అతనికి చేతకాదు. అదే అతను చేసిన తప్పు.

సందీప్ దోమతెరతో వచ్చాడు. పోశయ్య చాయ్‌తో వచ్చాడు. చాయ్ చల్లారిపోయింది. "ఇంతసేపు ఏడపోయినవే?" అంటే పోశయ్య తెల్లబోయాడు. "గిప్పుడే గదరా పోయిన?"

విన్సెంటు చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. సీటు తుడిచాడు, గ్రీసు చేత్తోనే డ్యాష్‌బోర్డు మీద సిలువ గుర్తు వేశాడు. సందీప్ స్టీరింగ్ ఒక్క వేలితో తిప్పి చూసుకొని మురిసిపోయాడు. బండి నర్సంపేట రోడ్డు వైపు వెళ్లిపోయింది. వెనక లైట్లు వానలో కలిసేదాకా విన్సెంటు చూస్తూ నిలబడ్డాడు. తృప్తి కలగాల్సిన చోట ఏదో గుచ్చుకుంటూనే ఉంది.

కొంతసేపటికి సందీప్ ఫోన్ చేశాడు. "బావా, వెన్న లెక్క పోతాంది! నేను పట్టుకునుడే అవసరం లేదు. గీసుగొండ దాటిన. దానంతట అదే మలుపులు తిరుగుతాంది తెల్సా?"

"రెండు చేతులు పెట్టి తోలు" అని కసిరాడు విన్సెంటు.

ఫోన్ పెట్టగానే మళ్లీ మోగింది. తెలియని గొంతు. "అన్నా, నేను కొమురెల్లిని. ఎవలో ఫోన్ చేసిన్రట. నేను గుట్ట మీదికొచ్చి మాట్లాడుతాన."

"నువ్వమ్మిన బండి చేసిన మేస్త్రీని. ముందటి చక్రాలు ఎందుకట్ల వంకర పెట్టిచ్చినవ్?"

అవతల వాన చప్పుడు. తర్వాత మెల్లగా, "పెట్టిచ్చినవ్ అంటానవేందే... సీదా చేసినవా?"

"చేసిన."

"అయ్యో... ముట్టకున్రి అని బండి కొన్న మీ పిలగానికి ఒట్టేసి చెప్పిన గదనే!"

కొమురెల్లి గడగడా చెప్పుకొచ్చాడు. బండి మొదట ఒక కుర్రాడిది. పెళ్లాం పుట్టింట్లో కన్నది. తల్లినీ బిడ్డనూ తీసుకొద్దామని ముసురులో బయలుదేరాడు. వాగు మలుపులో స్టీరింగ్ పట్టేసింది. బండి సీదాగా నీళ్లలోకి పోయింది. "బండి దొరికింది. మనిషి దొరకలే. నేను అగ్గువకు వస్తాందని కొన్న. ఎంత పట్టుకున్నా ఎడమకు గుంజుతది. పసిపిల్లలున్న ఇంటి ముంగట తనంతట తనే ఆగుతది. ఓ ఇంటికాడనైతే హారన్ గూడ కొట్టింది... నా చెయ్యి హారన్ మీద లేకున్నా. అప్పుడు ములుగుల మేస్త్రీ అన్నడు, చక్రం వంకర పెడితే వానికి తొవ్వ దొరకది అని. పెట్టినం. గంతే, మల్ల గుంజలే. ఇప్పుడు బండి ఎటు పోయింది?"

విన్సెంటు రోడ్డు వైపు తిరిగాడు. "నర్సంపేటకు. మా చెల్లెను, పాపను తోలుకరాను."

కొమురెల్లి గొంతు తగ్గించి అన్నాడు. "ఆపుర్రి."

విన్సెంటు సందీప్‌కు ఫోన్ చేసి, ఎక్కడున్నవాడు అక్కడే బండి ఆపమన్నాడు. ఎందుకని అడిగితే బూతులు తిట్టాడు. పానాలూ జాకీ సంచిలో వేసుకొని వానలోనే బైకు తీశాడు. దారంతా ఒకటే ప్రార్థన. ప్రభువా, ఆగి ఉండాలి. ప్రభువా, వాడు ఆగి ఉండాలి.

ఆగి ఉంది. ఒక పత్తి మిల్లు గేటు దగ్గర, లైటు కింద, ఎత్తుగా. పక్కన గొడుగు పట్టుకొని సందీప్. విన్సెంటు బైకు మీదే కాసేపు కూర్చుండిపోయాడు. పాప ఎక్కలేదు. చెల్లెలు ఎక్కలేదు. ఆ సంతోషానికి కళ్లలో నీళ్లు వచ్చాయి.

"నీకు చెప్పిండట గద కొమురెల్లి?"

సందీప్ తల దించుకున్నాడు. "నవ్వుతవని చెప్పలే బావా."

తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. "బిడ్డ నీకు ఊకెనే పుట్టిందారా?" అని మాత్రం అన్నాడు. ఇంజిన్ ఆపించాడు. తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు. ముందు భాగం కింద జాకీ పెట్టి ఎత్తాడు. రెండు చక్రాలూ నేలను వదిలి గాల్లో వేలాడాయి. చక్రాలకు మునుపున్న వంకరనే మళ్లీ పెట్టి, బండిని ఇక్కడే మిల్లు ఆవరణలో వదిలేసి, రేపు బస్సులో వెళ్లి చెల్లెలిని తెచ్చుకోవాలి. అంతే. దారి కనిపించాక మనసు నెమ్మదించింది.

పానా చేతికి తీసుకుంటుండగా ఫోన్ మోగింది. ఏంజెల్.

"అన్నా, బండి ఎంత మంచిగ చేసినవే! వాకిట్లకు వచ్చేదాక చప్పుడే రాలే."

విన్సెంటు పానా కింద పెట్టాడు. "ఏ బండి?"

"ఏ బండేంది, మన ఎత్తు బండి. అమ్మ సామాను అంత ఎక్కిచ్చింది. గని ఈయన దిగుతలేడే. పిలిస్తే పలుకుతలేడు. ముంగటికే చూస్తాండు. మీరేమన్న కొట్లాడిన్రా?"

సందీప్ గొడుగు కింద నిలబడి విన్సెంటు ముఖంలోకి చూస్తున్నాడు. "ఎవరు బావా? ఏంజెలా?"

విన్సెంటు ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు. "పాప... పాప ఏడున్నది?"

"పాపనే ముందుగాల ఎక్కిచ్చిన. వానల తడుస్తదని సీట్ల పండవెట్టిన. అరిచి గోల చేసేది, ఎక్కంగనే ఊకున్నది."

"దింపు. ఏంజెల్, పాపను దింపు. ఎక్కకు. సందీప్ నా తోటి ఉన్నడు..."

"ఏందే? ఇనవడ్తలేదు. హారన్ కొడ్తాండు ఉండు, పోతానం..."

ఫోన్‌లో తలుపు వేసిన చప్పుడు. గట్టిగా, ఢబ్బుమని. ఆ తర్వాత వాన చప్పుడు కూడా లేదు.

"బావా," సందీప్ బండి వైపు చెయ్యి చాపాడు. "బావా, అటు చూడు."

ఇంజిన్ ఆగి ఉంది. తాళం విన్సెంటు జేబులోనే ఉంది. క్యాబిన్‌లో ఎవరూ లేరు. గాల్లో వేలాడుతున్న ముందు చక్రాలు రెండూ మెల్లగా ఎడమకు తిరిగాయి, ఇరుకు వాకిట్లోంచి బండి వెనక్కి తీసేటప్పుడు తిరిగినట్టు. ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ సీదాగా అయ్యాయి.

తర్వాత అవి ముందుకు దొర్లడం మొదలుపెట్టాయి... మొదట నెమ్మదిగా, ఆ తర్వాత వేగంగా.